ఆ చేతి లెక్క ఎవరి దగ్గరుంది?

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. అక్కడ అప్పటికి శనివారం రాత్రి. "అన్నయ్యా, వీడు మోచెయ్యి లోపలి వైపు నొప్పిగా ఉందంటున్నాడు. రేపు ఫైనల్. ఈ వయసులో ఇదంతా మామూలే, ఐస్ పెట్టి ఒక నొప్పి బిళ్ల వేసి తీసుకురండి, రెండు ఇన్నింగ్స్ వేస్తే చాలంటున్నాడు కోచ్. ఈయనేమో, ఆయనకు తెలియదా, బేస్‌బాల్ గురించి మనకేం తెలుసు అంటున్నారు. నువ్వు సైన్సు రాస్తావుగా, ఏం చెయ్యమంటావ్?"

మా మేనల్లుడికి 12 ఏళ్లు. జట్టులో పిచ్చర్. అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. నేను బేస్‌బాల్ ఆడినవాణ్ణి కాదు, డాక్టర్నీ కాదు. అందుకే ఒక్క ప్రశ్న అడిగాను: "ఈ వారంలో వాడు మొత్తం ఎన్ని బంతులు వేశాడు?" అవతల కాసేపు మాట లేదు. తర్వాత వాణ్ణి కూడా పిలిచి, ముగ్గురం కలిసి లెక్క కట్టాం. మంగళవారం ప్రైవేటు కోచింగ్‌లో సుమారు 40. గురువారం లీగ్ మ్యాచ్‌లో 70. శనివారం టోర్నమెంట్‌లో వేరే జట్టు తరఫున 62. మొత్తం 172. ఇవి కాక మ్యాచ్‌కు ముందు చెయ్యి వేడెక్కడానికి వేసినవి ఎన్నో ఎవరికీ గుర్తు లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ నిబంధనల ప్రకారం 11, 12 ఏళ్ల పిల్లవాడు ఒక రోజులో 85 బంతుల దాకా వెయ్యవచ్చు. మావాడు ఏ ఒక్కరోజూ ఆ హద్దు దాటలేదు. ఏ కోచూ తన మ్యాచ్‌లో తప్పు చెయ్యలేదు. కానీ అదే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. 66 లేదా అంతకంటే ఎక్కువ బంతులు వేసిన పిల్లవాడికి నాలుగు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. గురువారం 70 వేసినవాడు మళ్లీ మంగళవారం దాకా పిచింగ్ చెయ్యకూడదు. శనివారం కోచ్‌కు గురువారం సంగతి తెలియదు. ప్రైవేటు కోచ్‌కు ఈ రెండూ తెలియవు. ముగ్గురు కోచ్‌లు, ఒకటే చెయ్యి. ఆ చేతి మొత్తం లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

పిల్లల చేతులు చెడగొడుతున్నది చెడ్డ కోచ్‌లేనని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఎక్కువసార్లు చేటు చేస్తున్నది ఈ లేని లెక్కే. ఆ లెక్క ఉంచడానికి ఆట తెలియనక్కర్లేదు. "మనకేం తెలుసు" అని తల్లిదండ్రులు పక్కకు తప్పుకోవడానికి వీల్లేనిది కూడా అందుకే.

మోచేతి మీద పడే బరువు

ముందుగా ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. క్రికెట్ బౌలర్ పరుగెత్తుకొచ్చి, చెయ్యి చాచి బంతి వేస్తాడు. పరుగులో వచ్చిన ఊపు చాలా పని చేసిపెడుతుంది. భారం ఎక్కువగా నడుము కింది ఎముకల మీద పడుతుంది. పిచ్చర్‌కు పరుగు లేదు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి ఒక్క అడుగు ముందుకు వేసి, మోచెయ్యి మడిచి, కొరడా ఝళిపించినట్టు విసురుతాడు. ఒళ్లంతా అప్పటికే ముందుకు తిరిగిపోతుంటే ముంజెయ్యి మాత్రం ఇంకా వెనకే ఉండిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో మోచేతి లోపలి వైపు విప్పి చీల్చేంత బలం పడుతుంది. వెంటనే భుజం లోపలికి తిరుగుతుంది. ఆ తిరిగే వేగం పెద్ద ఆటగాళ్లలో సెకనుకు దాదాపు 7,000 డిగ్రీలు. అదే వేగంతో ఒక సెకను పాటు తిరగగలిగితే 19 చుట్లు పూర్తవుతాయి.

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఉంది. గ్లెన్ ఫ్లైసిగ్ అనే ఇంజనీరు అక్కడ దశాబ్దాలుగా ఈ బలాలను కొలుస్తున్నారు. వృత్తి ఆటగాళ్లలో ఒక్కో బంతికి మోచేతి మీద పడే మెలితిప్పే బలం దాదాపు 64 న్యూటన్ మీటర్లని తేలింది. నిండు 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను అరచేతికి తగిలించి మోచేతిని పక్కకు విరవబోతే ఎంత బలమో, ఇంచుమించు అంత. పిల్లల్లో ఇది తక్కువ, సుమారు 28 న్యూటన్ మీటర్లు.

మోచేతి లోపలి వైపు ఆ బలానికి అడ్డుపడేది చిటికెన వేలంత కూడా లేని ఒక కట్టు. పేరు అల్నార్ కొల్లేటరల్ లిగమెంట్. పై ఎముకను కింది ఎముకకు బిగించి ఉంచే నారలాంటిది. చనిపోయినవారి మోచేతుల మీద ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు అది సుమారు 32 నుంచి 34 న్యూటన్ మీటర్ల దగ్గరే తెగిపోయింది. మరి 64 పడుతున్నా పెద్ద ఆటగాళ్ల చెయ్యి ప్రతి బంతికీ ఎందుకు తెగడం లేదు? ఎందుకంటే ఆ కట్టు ఒంటరిగా పని చెయ్యదు. ముంజేతి కండరాలు, కీలు దగ్గరి ఎముకలు ఆ భారంలో సగం దాకా పంచుకుంటాయి. కండరం అలసిపోతే దాని వాటా ఎవరు మోస్తారు? ఆ కట్టే మోస్తుంది. ఈ వ్యాసంలో మిగతా అంతా మరిచిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అలసిన చేత్తో వేసిన బంతికీ, తాజా చేత్తో వేసిన బంతికీ లెక్కలో తేడా లేకపోవచ్చు, మోచేతికి మాత్రం తేడా ఉంది.

పిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. ఎదిగే ఎముక చివర గ్రోత్ ప్లేట్ అనే మెత్తని పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. మోచేతి లోపలి వైపున్న ఆ పొర మగపిల్లల్లో దాదాపు 15 నుంచి 17 ఏళ్ల మధ్య గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. అప్పటిదాకా అక్కడ అందరికంటే బలహీనురాలు అదే. లాగుడు ఎక్కువైతే కట్టు తెగకముందే ఆ పొర ఎముక నుంచి విడివడడం మొదలుపెడుతుంది. ఇద్దరు అమెరికన్ వైద్యులు, బ్రాగ్డన్, క్రో, 1960లోనే దీన్ని గుర్తించి "లిటిల్ లీగర్ మోచెయ్యి" అని పేరు పెట్టారు. అంటే ఇది మనకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. అరవై ఏళ్ల పైబడి తెలిసిందే.

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను మన ఇళ్లలో పిల్లల చదువుకూ, ఆటకూ కూడా వాడేస్తాం. చిన్నప్పుడే సాధన మొదలుపెట్టాలన్నంత వరకు సామెత నిజమే. కానీ రోజూ ఒకేవైపు లాగితే మొక్క వంగదు, వేరు దగ్గర కదులుతుంది.

అలసటకే పెద్ద ముప్పు

ఇంతకీ ఏ పిల్లల చేతులు చెడుతున్నాయి? పైన చెప్పిన సంస్థ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. భుజానికో మోచేతికో శస్త్రచికిత్స జరిగిన 95 మంది కుర్ర పిచ్చర్లను, ఎప్పుడూ పెద్ద గాయం కాని 45 మందితో పోల్చారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు పైగా ఆడేవారికి ముప్పు 5 రెట్లు. మ్యాచ్‌కు సగటున 80 బంతులకు పైగా వేసేవారికి దాదాపు 4 రెట్లు. చెయ్యి అలసిపోయినా తరచూ వేస్తూ పోయేవారికి 36 రెట్లు. ఇది చిన్న అధ్యయనం. పైగా జరిగిపోయినదాన్ని గుర్తు చేసుకుని చెప్పిన సమాధానాల మీద ఆధారపడింది. కాబట్టి 36 అన్న అంకెను రాతి మీద చెక్కిన అక్షరంలా చూడకూడదు. కానీ మూడింటిలో అలసటే అన్నిటికంటే ముందుండటం పైన చెప్పిన యంత్రశాస్త్రంతో సరిగ్గా సరిపోతుంది.

ఇదే బృందం 9 నుంచి 14 ఏళ్ల వయసున్న 481 మంది పిచ్చర్లను పదేళ్ల పాటు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించింది. మొత్తం మీద తీవ్రంగా గాయపడినవారు 5 శాతం. ఏ ఏడాదైనా 100 ఇన్నింగ్స్‌కు మించి పిచింగ్ చేసినవారికి మాత్రం ఆ ముప్పు 3.5 రెట్లు ఎక్కువ. ఈ 5 శాతాన్ని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. బేస్‌బాల్ ఆడే ప్రతి పిల్లవాడి చెయ్యీ విరిగిపోదు. భయపెట్టి ఆట మాన్పించడం కూడా పిల్లలకు మంచి చేసినట్టు కాదు. ఎముకకైనా కండరానికైనా పని లేకపోతే బలం రాదు.

తల్లిదండ్రులకూ కోచ్‌లకూ మధ్య ఎక్కువగా వాదన జరిగేది కర్వ్‌బాల్ గురించి. మణికట్టు తిప్పి వేసే ఈ వంపు బంతి పిల్లల మోచేతికి విషమని చాలామంది నమ్మకం. 2002లో వచ్చిన ఒక అధ్యయనం కర్వ్‌బాల్ వేసే పిల్లల్లో భుజం నొప్పి ఎక్కువని చూపింది. తర్వాత ప్రయోగశాలలో కొలిస్తే కర్వ్‌బాల్ వేసేటప్పుడు మోచేతి మీద పడే బలం వేగంగా వేసే మామూలు బంతి కంటే ఎక్కువేమీ లేదు. పైన చెప్పిన పదేళ్ల అధ్యయనంలో కూడా 13 ఏళ్లలోపు కర్వ్‌బాల్ మొదలుపెట్టడానికీ గాయానికీ స్పష్టమైన సంబంధం కనిపించలేదు. చిన్నవయసులో దాన్ని నేర్పమని నేను అనను. కాకపోతే బంతి రకం మీద గంట వాదించి, ఎన్ని బంతులన్నది అడగకుండా ఇంటికి వచ్చే తండ్రి అసలు ప్రశ్న వదిలేసి వచ్చినట్టే.

వేగం మోజు

ఈ రోజుల్లో ప్రమాదకరమైన సలహా ఎక్కువగా వేగం పేరుతో వస్తోంది. పెద్ద లీగుల్లో వేగంగా వేసే మామూలు బంతి సగటు వేగం 2008లో గంటకు 147 కిలోమీటర్లుంటే 2024 నాటికి దాదాపు 152కు చేరింది. పిచ్చర్ల గాయాలు పెరగడానికి కారణాలేమిటని మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ చేయించిన పరిశీలన 2024 డిసెంబరులో వెలువడింది. గరిష్ఠ వేగం కోసం ప్రతి బంతికీ పూర్తి బలం పెట్టడాన్నే అది ప్రధానంగా తప్పుపట్టింది. పెద్దల్ని చూసి పిల్లలూ, పిల్లల్ని ఎంపిక చేసేవారూ స్పీడ్‌గన్ వైపే చూస్తున్నారు.

వేగం పెంచడానికి మామూలు కంటే బరువైన బంతులతో సాధన చేయించడం ఒక పద్ధతి. 2018లో వెలువడిన ఒక పరీక్షలో 13 నుంచి 18 ఏళ్ల 38 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆరు వారాల పాటు బరువు బంతులు ఇచ్చారు. వారి వేగం 3.3 శాతం పెరిగింది. వారిలో 24 శాతం మంది గాయపడ్డారు కూడా. బరువు బంతులు ఇవ్వని జట్టులో ఒక్కరికీ గాయం కాలేదు. ఇదీ చిన్న పరీక్షే. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వేసే పిల్లవాడికి అదనంగా వచ్చేది 3 కిలోమీటర్లు, అందుకు పెట్టాల్సిన పందెం నలుగురిలో ఒకరి మోచెయ్యి అంటే ఆ బేరం కుదుర్చుకునే ముందు ఇంట్లో ఒకసారి మాట్లాడుకోవాలి కదా.

"చెయ్యి పోతే సర్జరీ ఉంది కదా" అన్న ధీమా ఇంకొకటి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు పిచ్చర్ టామీ జాన్ 1974 జులైలో ఆడుతుండగా ఆ కట్టు తెగిపోయింది. అప్పటిదాకా అది జరిగితే ఆట ముగిసినట్టే. సెప్టెంబరులో ఫ్రాంక్ జోబ్ అనే శస్త్రవైద్యుడు అతని రెండో చేతి నుంచి ఒక టెండన్ తీసి మోచేతిలో కట్టుగా అమర్చారు. జాన్ 1976లో మళ్లీ మైదానంలోకి వచ్చి 1989 దాకా ఆడాడు. గెలిపించిన 288 మ్యాచ్‌లలో 164 ఆపరేషన్ తర్వాతివే. ఆ శస్త్రచికిత్సకు అతని పేరే స్థిరపడింది. అద్భుతమైన కథ. కానీ దాని నీడ పిల్లల మీద పడింది. 2012లో వచ్చిన ఒక సర్వేలో హైస్కూల్ ఆటగాళ్లలో 51 శాతం మంది, తల్లిదండ్రుల్లో 37 శాతం మంది గాయం లేకపోయినా ఆట మెరుగవడానికి ఈ ఆపరేషన్ చేయించుకోవచ్చని నమ్మారు. అమెరికాలో 2007 నుంచి 2011 వరకు ఒక బీమా సమాచార నిధిలో నమోదైన ఇలాంటి ఆపరేషన్లలో సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్ల వారికే జరిగాయి. ఈ ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. పెద్ద సంఖ్యలో కోలుకుంటారన్నది నిజమే. అందరూ కాదన్నదీ నిజమే. టీవీలో మనకు కనిపించేది తిరిగొచ్చినవాళ్లే.

"మా రోజుల్లో లెక్కలూ లేవు, నొప్పులూ లేవు" అనే పాత ఆటగాళ్ల మాటలో కూడా ఇదే పొరపాటుంది. 1974 జూన్‌లో, అంటే జాన్ కట్టు తెగడానికి దాదాపు నెల ముందు, కాలిఫోర్నియా ఏంజెల్స్ పిచ్చర్ నోలన్ రయన్ ఒకే మ్యాచ్‌లో 235 బంతులు వేశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు దగ్గరగా ఆడాడు. ఒకే వేసవిలో ఇద్దరు. మన కోచ్ రయన్ పేరు చెప్పి ఉదాహరణ ఇస్తాడు. మన పిల్లవాడి మోచెయ్యి ఆ ఇద్దరిలో ఎవరి లాంటిదో ముందే చెప్పగల పరీక్ష మాత్రం లేదు.

ఆడించని కోచ్

కోచ్‌లందరూ ఒకేలా ఉండరు. జపాన్‌లో హైస్కూల్ బేస్‌బాల్‌కు కోషియెన్ జాతీయ టోర్నమెంట్ పెద్ద పండుగ. అక్కడ చెయ్యి పడిపోయేదాకా వెయ్యడమే వీరత్వమని తరతరాలుగా నమ్మారు. 1998లో దైసుకే మత్సుజాకా ఒక మ్యాచ్‌లో 17 ఇన్నింగ్స్ పాటు 250 బంతులు వేశాడు. 2013లో తొమొహిరో అన్రకు అనే 16 ఏళ్ల కుర్రాడు ఒక టోర్నమెంట్‌లో అయిదు మ్యాచ్‌లలో 772 బంతులు వేశాడు.

2019 జులైలో ఇవాతె రాష్ట్రం ఫైనల్. గెలిచిన జట్టుకు కోషియెన్ టికెట్. ఒఫునాతో హైస్కూల్ అక్కడికి వెళ్లి 35 ఏళ్లయింది. వాళ్ల పిచ్చర్ రోకీ ససాకీ అప్పటికే గంటకు 163 కిలోమీటర్ల వేగం అందుకున్న కుర్రాడు. నాలుగు రోజుల ముందు 194 బంతులు వేశాడు. ముందురోజు సెమీఫైనల్లో 129. ఫైనల్ రోజున కోచ్ యోహె కొకుబో అతణ్ణి మైదానంలోకి దించలేదు. జట్టు 12–2 తేడాతో ఓడిపోయింది. పాఠశాలకు తిట్లతో ఫోన్లు వచ్చాయి. దేశమంతా వాదించుకుంది. 2020 నుంచి జపాన్ హైస్కూల్ బేస్‌బాల్ సమాఖ్య ఒక పిచ్చర్ వారానికి 500 బంతులకు మించకూడదని హద్దు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో ఇరవై ఏళ్ల ససాకీ వృత్తి లీగులో ప్రత్యర్థులను ఒక్కరినీ బేస్ చేరనివ్వని మ్యాచ్ ఆడాడు.

కథ అంతటితో ఆగితే అందంగా ఉండేది. తర్వాత అమెరికా వెళ్లిన ససాకీ 2025లో భుజం బాధతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. జాగ్రత్త పడితే గాయం రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ రోజు ఆడించినా ఏమీ అయ్యేది కాదేమో కూడా. కొకుబో చేసింది భవిష్యత్తు చూసి చేసిన పని కాదు. చేతిలో ఉన్న లెక్కను చూసి, దాన్ని ట్రోఫీ కంటే ముందు పెట్టాడు. ఆ లెక్క అతని దగ్గర ఉండడానికి కారణం కూడా ఉంది. ఆ కుర్రాడు ఆడుతున్నది ఒకే జట్టుకు. మన పిల్లలు ఇద్దరు ముగ్గురు కోచ్‌ల దగ్గర ఆడుతున్నప్పుడు ఆ పుస్తకం ఇంట్లోనే ఉండాలి.

పుస్తకంలో ఏం రాయాలి, ఏం అడగాలి

అమెరికాలో లిటిల్ లీగ్ 2007లోనే ఇన్నింగ్స్ లెక్క మాని బంతుల లెక్క తెచ్చింది. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో "పిచ్ స్మార్ట్" పేరుతో వయసువారీ సూచనలు ఇచ్చాయి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలి అన్నది వాటిలో ముఖ్యమైనది. ఈ నియమాలు మంచివే. వాటిలో రెండు సందులున్నాయి. ఒక లీగు లెక్క ఇంకో లీగుకు చేరదు. మ్యాచ్‌లో వేసినవే లెక్కకు వస్తాయి. ఫ్లోరిడాలో హైస్కూల్ పిచ్చర్లను గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యాచ్ రోజున వేసిన బంతుల్లో 42 శాతం లెక్కకు ఎక్కనే లేదని తేలింది. అవి వేడెక్కడానికి వేసినవి.

అందుకని ఒక నోటుపుస్తకం చాలు. తేదీ, ఏ జట్టు, మ్యాచ్‌లో ఎన్ని, బయట సుమారు ఎన్ని, మర్నాడు పొద్దున చెయ్యి ఎలా ఉంది. రాయడం పిల్లవాడికే అప్పగిస్తే ఇంకా మంచిది. చెయ్యి వాడిది కదా. చివరి గడిలో వాడు నిజం రాయాలంటే, నొప్పి అని రాసినందుకు ఇంట్లో ఎవరి ముఖమూ మారకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. టోర్నమెంట్ ఫీజు కట్టి, హోటల్ బుక్ చేసి, నాలుగు గంటలు కారు నడిపి వెళ్లిన తండ్రి ముఖం మారకుండా ఉండడం కష్టం. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

కోచ్ దగ్గరికి ఆ పుస్తకంతో వెళ్లండి. "మీ పద్ధతి తప్పు" అని మొదలుపెడితే అది ఆట గురించిన వాదన అవుతుంది, అందులో మనం ఓడిపోతాం. "ఈ వారం వీడు ఇన్ని వేశాడు, ఇవాళ ఎన్ని వేయిస్తారు?" అని అడిగితే అది లెక్క. దానికి జవాబు చెప్పని కోచ్ గురించి మీకు తెలియాల్సింది తెలిసిపోతుంది. గురువును ప్రశ్నించడం అమర్యాద అని పెరిగినవాళ్లం మనం. మంచి గురువుకు శిష్యుడి లెక్క ఇవ్వడం మర్యాదలో భాగమే అనుకుంటే సరిపోతుంది.

కొన్ని మాటల దగ్గర మాత్రం లెక్క కూడా అక్కర్లేదు. కండరమంతా బరువుగా ఉండి ఒకటి రెండు రోజుల్లో తగ్గే నొప్పి వేరు. మోచేతి లోపలి వైపు ఒకే చోట వేలు పెట్టి చూపించే నొప్పి వేరు. చెయ్యి పూర్తిగా చాపలేకపోవడం, ఉన్నట్టుండి వేగం తగ్గడం, గురి తప్పడం కూడా ఆ రెండో కోవలోకే వస్తాయి. అప్పుడు "మాత్ర వేసి ఆడించండి" అన్న సలహా ఎవరిదైనా సరే వినకూడదు. నొప్పి బిళ్ల నొప్పిని ఆపుతుంది, లాగుడును ఆపదు. ఆ రోజుకు బంతి పక్కన పెట్టి, పిల్లల ఎముకలు చూసే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇదంతా అమెరికా ముచ్చట అనుకోనక్కర్లేదు. హైదరాబాద్, విశాఖ, గుంటూరు క్రికెట్ అకాడమీల్లో స్కూలు జట్టుకూ, క్లబ్బుకూ, నెట్స్‌లోనూ బౌలింగ్ చేసే పన్నెండేళ్ల ఫాస్ట్ బౌలర్ల లెక్క కూడా ఇలాగే ముగ్గురి మధ్య పోతోంది. అక్కడ మోచేతికి బదులు నడుము ఎముక చిట్లుతుంది. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు అండర్-15 స్థాయి ఫాస్ట్ బౌలర్లకు ఒక స్పెల్‌లో 6 ఓవర్లు, రోజుకు 12 ఓవర్లు అని హద్దు పెట్టింది. ఎముక వేరైనా నోటుపుస్తకం ఒకటే.

మా మేనల్లుడు ఆ ఆదివారం ఆడలేదు. జట్టు ఓడిపోయింది. సోమవారం రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీసి పోల్చి చూశారు. కుడి చేతి గ్రోత్ ప్లేట్ ఎడమదాని కంటే కొంచెం వెడల్పుగా ఉంది. ఆరు వారాలు విసరవద్దన్నారు డాక్టరు. మా చెల్లెలు ఆ 172 లెక్క చూపించినప్పుడు కోచ్ కాసేపు ఆ కాగితం వైపే చూసి, గురువారం ఆడినట్టు తనకు తెలియదన్నాడట. అతని మాట నేను నమ్ముతాను. వాడు వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఇప్పుడు ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి, చెయ్యి ఎప్పుడు బాగవుతుందా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. పుస్తకంలో మాత్రం వాడే రాస్తున్నాడు.